రాజుగారి కాకికాలు

పొద్దున్నే లేవగానే జోథమ్ పెటింగిల్ చేసే మొదటి పని, గోడ దగ్గరికెళ్ళి తమ్ముడికి కొత్తగా ఏం కలిసొచ్చిందో చూడటం. మొహం కడుక్కోవడం, పాలు పితకడం, దేవుణ్ణి తలుచుకోవడం, ఇవన్నీ ఆ తర్వాతే. రాళ్ళు పేర్చిన ఆ గోడ నడుం ఎత్తు కూడా ఉండదు. దాని మీద మోచేతులు ఆనించుకుని, పశువులు ఇటు రాకుండా చూస్తున్నవాడిలా మొహం పెట్టి, ఓ పావుగంట తనివితీరా కుళ్ళుకుని ఇంటికొచ్చేవాడు.

ఆ రోజు గడ్డి మీద అక్టోబరు మంచు తెల్లగా పట్టింది. గోడవతల తమ్ముడు ఓబెద్ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. వాడి భార్య తబిత నేల ఊడుస్తోంది. నేలంటే జోథమ్ గుడిసెలోలా మట్టినేల కాదు, చక్కగా పరిచిన చెక్కనేల. ఒక్కో పలకా వెడల్పు మూడు జానల పైనే ఉంటుంది. పైగా ఆ ఇల్లు కట్టినప్పుడు పద్దెనిమిది అడుగులే. జోథమ్ స్వయంగా అడుగులేసి కొలిచాడు. ఏడాది తిరిగేసరికి అది ఇరవై రెండయింది. ఓబెద్ చెట్లు అంతే మరి. నరికేటప్పుడు బిగబట్టిన ఊపిరిని ఇంట్లో పలకలై కుదురుకున్నాక నింపాదిగా వదులుతాయి.

"కట్టాక కూడా పెరిగే ఇల్లు! అడ్డమైన అదృష్టమంతా వాడికే పట్టాలా?" అని గొణుక్కున్నాడు జోథమ్.

తన వైపు తిరిగి చూసుకుంటే ఇరవై మూడు తెల్ల పైన్ చెట్లు. ఒక్కోటీ ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత లావు. ప్రతిదాని మానుకీ ఛాతీ ఎత్తులో మూడు గొడ్డలి వేట్లు. ప్రభుత్వ కాగితాల్లో దాన్ని బాణం ములుకు గుర్తు అంటారు. ఊళ్ళోవాళ్ళు కాకికాలు అంటారు.

పన్నెండు అంగుళాల మందం దాటిన తెల్ల పైన్ ఎవరి పొలంలో మొలిచినా అది రాజుగారిది. సముద్రం అవతల ఉండి ఈ వలస ఊళ్ళని ఏలే ఆయనకి ఓడలున్నాయి. ఓడలకి నిటారుగా పొడవాటి స్తంభాలు కావాలి. అందుకని సర్వే దొర గుర్రమెక్కి వచ్చి, మందం అంగుళాల్లో గీసిన తోలు పటకా చుట్టి కొలుస్తాడు. పన్నెండు దాటితే కాకికాలు వేసి వెళ్తాడు. ఇక ఆ చెట్టు మీద పుల్ల విరిచినా జరిమానా, లేదంటే జైలు. రాజుగారు వచ్చి తీసుకెళ్తారా అంటే అదీ లేదు. జోథమ్ చెట్లకి ఆ గుర్తు వేసి నాలుగేళ్ళయింది. అవి అక్కడే నిలబడి, ఎవరికీ పనికిరాకుండా ఇంకా బలుస్తున్నాయి.

ఓబెద్ చెట్లూ లావే. కాకపోతే దొర పటకా తీయగానే అవి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాయి. బెరడు కిర్రుమంటుంది, పటకా మీద పదకొండున్నర కనిపిస్తుంది, దొర ముక్కు చిట్లించుకుని పక్క చెట్టుకి వెళ్తాడు. ఆ ఊళ్ళో కొన్ని చెట్లు బిగబడతాయి, కొన్ని బిగబట్టవు. చర్చి పెద్ద డీకన్ గారికి అలాంటివి రెండుండేవి. అందులో ఒకటి సరిగ్గా పటకా బిగించే వేళకి తుమ్మేసి కాకికాలు వేయించుకుంది. దాని గురించి ఆదివారం చర్చి బయట వారం వారం నవ్వుకునేవాళ్ళు. చెట్టు తుమ్మినందుకు కాదు, సమయం చూసుకోకుండా తుమ్మినందుకు.

జోథమ్‌కి అన్నిటికంటే మంట పుట్టించే సంగతి ఇంకోటి ఉంది. నాన్న పోయినప్పుడు భూమి పంచుకుంటుంటే పెద్దవాడిగా ముందు కోరుకున్నది తనే. చెరువు పక్కనున్న నల్లమట్టి, బలిసిన చెట్లు తను తీసుకుని, రాళ్ళ దిబ్బ తమ్ముడికి వదిలాడు. ఆ రోజు ఓబెద్ ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడం కూడా జోథమ్ ఇప్పటిదాకా మర్చిపోలేదు.

లోపలికొచ్చేసరికి హిట్టీ మొక్కజొన్న సంకటి మీద బెల్లప్పాకం పోసి ముందు పెట్టింది. హిట్టీ అసలు పేరు మెహిటబెల్. అంత పేరు పిలిచే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"గోడ క్షేమంగానే ఉందా?" అంది.

"దానికేం?"

"రోజూ వెళ్ళి చూసొస్తున్నారుగా, దాని ఆరోగ్యం ఏమన్నా దెబ్బతిందేమోనని."

జోథమ్ సంకటి ముద్ద మింగాడు. గుడిసె కప్పులోంచి ఒక చుక్క సరిగ్గా అతని పళ్ళెంలోనే పడింది.

"భూమి మన పేర పట్టా అయ్యి వచ్చే జూన్‌కి అయిదేళ్ళు నిండుతాయి," అంది హిట్టీ ఆ చుక్క వంక చూస్తూ. "స్తంభాలు ఎత్తి, చెక్కనేల వేసిన ఇల్లు అప్పటికి లేవకపోతే భూమి వెనక్కి తీసుకుంటారు. పట్టాలో రాసి ఉంది. మీకు చదివి వినిపించమంటారా?"

"నాకు చదువొచ్చు."

"చదువొచ్చు, గొడ్డలి పట్టడం వచ్చు. నోరు తెరిచి తమ్ముణ్ణి నాలుగు చెట్లు అడగడమే రాదు. మొన్న కూడా అడగకముందే ఇస్తానన్నాడు పాపం."

నిజమే, మొన్న ఓబెద్ గోడ దగ్గరికొచ్చాడు. "అన్నయ్యా, నా వాటిల్లో ఇరవై కొట్టుకో. నీ ఇల్లు లేవాలిగా," అన్నాడు. గట్టిగా మాట్లాడితే దమ్ము చాలదు వాడికి. చిన్నప్పటి గొంతు జబ్బు తర్వాత సగం ఊపిరితోనే బతుకుతున్నాడు. జోథమ్ ఒళ్ళు భగ్గుమంది. "నీ బిచ్చం నాకెందుకురా? నా చెట్లు లేవూ?" అని విసవిసా వచ్చేశాడు.

"అసలు వాడి చెట్లకి ఆ విద్య ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకే అడవి, ఒకే గాలి, ఒకే తండ్రి!" అన్నాడు ఇప్పుడు పళ్ళెం పక్కకి నెట్టి.

"చెట్లు యజమానిని చూసే నేర్చుకుంటాయిలెండి," అంది హిట్టీ అంట్లు తీస్తూ. "మరిది గారికి ఏడో ఏట గొంతు జబ్బు వచ్చిందని మీ అమ్మగారే చెప్పేవారు కదా. అప్పట్నుంచి ఆయన ఊపిరిని పొదుపుగా వాడతాడు. చెట్లూ అంతే. మీరేమో పొద్దున లేస్తే ఛాతీ విరుచుకుని, మా చెట్లంత లావు ఈ జిల్లాలో లేవని సారా కొట్టులో చెప్పుకుంటారాయె. అవి విన్నాయి."

"అంటే ఆ జబ్బు కూడా వాడికే కలిసొచ్చిందన్నమాట!"

హిట్టీ అంట్లు తీసుకుని బయటికెళ్ళిపోయింది.

ఆ మాట జోథమ్‌ని వదల్లేదు. గొంతు జబ్బు ఊరంతా పాకిన ఏడాది అతనికి పదకొండేళ్ళు. అమ్మ తమ్ముడి మంచం వదిలేది కాదు. ఇంట్లో ఉన్న తేనె అంతా వాడి నోటికే పోయింది. తను ఆకలి అంటే, కుండలో చూసుకోమనేది. ఇరవై రెండేళ్ళ నాటి ఆ తేనె తలుచుకుంటే జోథమ్‌కి ఇప్పటికీ నోరు చేదయ్యేది.

సారా కొట్టులో ఆ సాయంత్రం అంతా రాజుగారి మీదే మాటలు. స్టాంపు కాగితాల పన్ను పోయిందనుకుంటే టీ మీద పన్ను తెచ్చి పెట్టారని డీకన్ వాపోతున్నాడు. ఊరు టీ మానేసి అడవి కోరింద ఆకుల కషాయం తాగబట్టి మూడేళ్ళయింది. అలవాటు పడ్డామని అందరూ అంటారు గానీ మొహాలు చూస్తే తెలిసిపోతుంది.

"టీ అంటే కొనుక్కునేది. నా పెరట్లో మొలిచిన చెట్టు నాది కాదనడం ఏంటి?" అన్నాడు కమ్మరి ఈనోక్, ఆపిల్ సారా ముంత బల్ల మీద మోదుతూ. "రేపు నా గడ్డం మూరెడు దాటితే అదీ రాజుగారిదంటారు."

"నీ గడ్డం ఓడకి పనికిరాదులే," అన్నారెవరో.

"ఓబెద్ చెట్లే నయం, మనలా గొంతు చించుకోకుండా పని కానిస్తున్నాయి," అన్నాడు ఈనోక్. అందరూ ఓబెద్ ఆరోగ్యానికని ముంతలు ఎత్తారు. పక్కనే ఉన్న జోథమ్ కూడా ఎత్తాల్సొచ్చింది.

మర్నాడు అతను జిల్లా ఊరికి పన్నెండు మైళ్ళు నడిచి వెళ్ళాడు. మేకులు తెస్తానని హిట్టీకి చెప్పాడు. నేరుగా చెట్లు కొలిచే ఫ్రాంప్టన్ దొర బస చేసిన ఇంటికి వెళ్ళాడు. దొర లావుపాటి మనిషి, ఎప్పుడూ జలుబుతో ఉంటాడు. ఈ అడవులన్నా, ఈ బురదన్నా, కొలవబోతే పొట్ట లాక్కునే చెట్లన్నా ఆయనకి ఒకేలాంటి విసుగు.

"దొరా, మీరు కొలుస్తారు, వెంటనే పటకా విప్పేస్తారు. అక్కడే మోసపోతున్నారు," అన్నాడు జోథమ్ టోపీ చేతుల్లో నలుపుకుంటూ.

"మరేం చెయ్యమంటావు?"

"పటకా బిగించి బకిల్ పెట్టేసి, అక్కడే కూర్చోండి. ఊపిరి ఎంతసేపు ఆగుతుంది? మహా అయితే రెండు గంటలు. నాకు తెలుసు. వదిలినప్పుడు బకిల్ ఊడి దాని అసలు లావు మీకే తెలుస్తుంది. ఒక్కటి దొరికితే చాలు, మిగతా అన్నిటికీ గుర్తు వెయ్యొచ్చు. ఆ చెట్లవాడి ఇల్లూ వాటితో కట్టిందే, అదీ జప్తు చెయ్యొచ్చు."

దొర జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని అతని వంక కొత్తగా చూశాడు. "ఎవరి చెట్లు?"

ఆ పేరు చెప్పడానికి జోథమ్‌కి పెద్దగా కష్టం కలగలేదు. కష్టమల్లా తిరుగు దారిలో కలిగింది. నాలుగో మైలు దాకా కడుపు చల్లగా హాయిగా ఉంది. వాడి ఇల్లు జప్తయితే ఎలా ఉంటుందో, వాడు కూడా మట్టినేల మీద కూర్చుని సంకటి తింటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నడిచాడు. ఆ ఊహలో తబిత కూడా ఉంది, ఆమె చేతిలో చీపురు మాత్రం లేదు. ఆ తర్వాత ఎందుకో కాళ్ళు బరువెక్కాయి. మేకులు కొనడం మర్చిపోయినట్టు ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఫ్రాంప్టన్ దొర వచ్చాడు. ఓబెద్ పెరట్లో అన్నిటికంటే పెద్ద చెట్టు ఎంచుకున్నాడు. పటకా చుట్టగానే చెట్టు ఎప్పట్లాగే కిర్రుమని పొట్ట లోపలికి లాక్కుంది. పదకొండున్నర. ఓబెద్ వినయంగా టోపీ తీశాడు. దొర మాత్రం పటకా విప్పలేదు. బకిల్ పెట్టి, గుర్రం జీను మీదనుంచి మడత కుర్చీ దించుకుని, చెట్టుకెదురుగా కూర్చుని, మూటలోంచి చల్లటి పంది మాంసం, రొట్టె తీశాడు.

ఓబెద్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

కబురు గంటలో ఊరంతా పాకింది. ఈనోక్ కొలిమి ఆర్పి వచ్చాడు. డీకన్ వచ్చాడు. ఆడవాళ్ళు అల్లికలతో వచ్చి గోడ మీద కూర్చున్నారు. దొరని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన నడుముకి రెండు పిస్తోళ్ళున్నాయి, చట్టం ఆయన పక్కన ఉంది. కొలుస్తున్నాడు, అంతే. ఎంతసేపు కొలవాలో ఏ చట్టంలోనూ లేదు.

"ఎవడో ఉప్పందించాడు," అన్నాడు ఈనోక్ పళ్ళు కొరుకుతూ. "వాడెవడో తెలిస్తే కంచె వాసం మీద ఎక్కించి ఊరంతా ఊరేగిస్తా. ఒళ్ళంతా పూయడానికి తారు నా దగ్గరుంది, దాని మీద అద్దడానికి ఈకలు మీ ఆడవాళ్ళు ఇవ్వండి."

"మా ఇంట్లో రెండు దిండ్లున్నాయి," అంది ఒకామె అల్లిక ఆపకుండా. ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళి నిజంగానే పొడవాటి వాసం ఒకటి మోసుకొచ్చి గోడకి ఆనించారు.

జోథమ్ గోడకి ఇవతల నిలబడి చూస్తున్నాడు. పదకొండు దాటింది. చెట్టు కొమ్మలు సన్నగా వణుకుతున్నాయి. పచ్చటి సూదులు ఒకటొకటిగా రాలడం మొదలైంది. బెరడు మీద బంక చెమటలా కమ్ముకుంది. ఓబెద్ అరచేయి మాను మీద పెట్టి, "ఇంకాస్త, ఇంకాస్త ఆగు తల్లీ," అని బతిమాలుతున్నాడు. తబిత గుమ్మంలో చతికిలబడి, ఎప్పుడూ ఊడ్చే ఆ నేలని అరచేత్తో నిమురుతోంది. ఏళ్ళ తరబడి ఇలాంటి రోజు కోసమే ఎదురుచూశాడు జోథమ్. వచ్చేసరికి చూడబుద్ధి కాలేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

పన్నెండు కావస్తుంటే ఓబెద్ తలెత్తి పిలిచాడు.

"అన్నయ్యా! ఒకసారి ఇటు రా."

అందరూ చూస్తున్నారు. జోథమ్ గోడ దాటి వెళ్ళాడు. మూడేళ్ళలో ఆ గోడ దాటడం అదే మొదటిసారి.

"దీనికి ఊపిరి ఎలా తీసుకోవాలో తెలీదు," అన్నాడు ఓబెద్ చిన్నగా, దొరకి వినబడకుండా. "బిగబట్టడం ఒక్కటే వచ్చు. నాకు గొంతు పూడుకుపోయినప్పుడు నువ్వు చేశావే, అలా చెయ్యి."

"నేనేం చేశాను?"

"మూడు రాత్రులు నా వీపుకి వీపు ఆనించి కూర్చున్నావు. పొట్టతో తీసుకోకురా, మెడతో తీసుకో, పిట్టలాగా కొంచెం కొంచెం అన్నావు. నువ్వు గట్టిగా తీసుకుంటుంటే నీ వెంటే నేనూ తీసుకున్నాను. అమ్మ తేనె వల్ల బతకలేదు నేను."

తేనె ఒక్కటే గుర్తుపెట్టుకుని, ఈ సంగతి పూర్తిగా మర్చిపోయినవాడు జోథమ్. వెళ్ళి చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. "మెడతో," అన్నాడు పెదాలు కదపకుండా. "పటకా నడుముకే ఉంది. పైన కొమ్మలతో తీసుకో. పిట్టలాగా. నాతోపాటు."

చిన్నగా లోపలికి, చిన్నగా బయటికి.

మొదట వీపు వెనక రాయిలా బిగుసుకునే ఉంది చెట్టు. పదో ఊపిరికో పదకొండో ఊపిరికో పైన ఎక్కడో, ఎవరికీ కనబడనంత ఎత్తులో, చిటారు కొమ్మ ఒకటి కొద్దిగా లేచి దిగింది. మళ్ళీ లేచింది. సూదులు రాలడం ఆగింది. చెట్టు బరువు నెమ్మదిగా అతని వీపు మీదకి వాలింది, పసిపిల్లలు నిద్రలో వాలినట్టు. ఆ నమ్మకానికి కూడా జోథమ్ కుళ్ళుకున్నాడు. తన ఇరవై మూడు చెట్లలో ఒక్కటన్నా ఎప్పుడన్నా ఇలా తన మీద వాలిందా? అలా కుళ్ళుకుంటూనే ఊపిరి తీశాడు, వదిలాడు. కాళ్ళు లాగాయి, నాలుక పిడచకట్టుకుపోయింది, కదల్లేదు. హిట్టీ వచ్చి నీళ్ళు పట్టింది. ఆమె అతన్ని అంత వింతగా చూడటం పెళ్ళి రోజు తర్వాత అదే.

మూడయింది. నాలుగయింది. దొర రొట్టె అయిపోయింది, తుమ్ములు ఎక్కువయ్యాయి. పొద్దు వాలుతుంటే విసురుగా లేచి పటకా దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి చూశాడు.

"పదకొండున్నర," అన్నాడు గట్టిగా. ఆయన గొంతులో ఏడుపొక్కటే తక్కువ. ఊరంతా ఒక్కసారిగా కేక పెట్టింది.

దొర బకిల్ విప్పుతూ, ఎదురుగా ఉన్న జోథమ్‌ని దగ్గర్నుంచి చూసి అప్పుడే గుర్తుపట్టాడు. కోపంతో పిచ్చెత్తినట్టు అరిచాడు. "ఏమయ్యా! రెండు గంటలు ఆగదని నువ్వే కదా నా దగ్గరికొచ్చి చెప్పింది? ఏదీ? నా రోజంతా పాడుచేశావు!"

కేకలు ఆగిపోయాయి. దొర కుర్చీ మడత పెడుతున్న చప్పుడు అందరికీ వినబడింది. ఆయన గుర్రమెక్కి వెళ్ళిపోతున్నా ఎవరూ అటు చూడలేదు. అందరూ జోథమ్‌నే చూస్తున్నారు.

ఈనోక్ వెళ్ళి వాసం తీసుకున్నాడు. "సొంత తమ్ముడి మీదే ఉప్పందించావా?" అన్నాడు. "తారు పెట్టండ్రా పొయ్యి మీద."

"ఆగు ఈనోక్," అన్నాడు ఓబెద్ ముందుకొచ్చి. "అన్నయ్యని వెళ్ళి చెప్పమంది నేనే. ఇలా రోజంతా ఊరి సాక్షిగా కొలిస్తే ఇక మళ్ళీ ఎవడూ నా చెట్ల జోలికి రాడని. ఇద్దరం కలిసి ఆలోచించిందే. మీకు ముందే చెబితే బయటికి పొక్కుతుందని చెప్పలేదు."

జనం మొహాలు విప్పారాయి. డీకన్ నవ్వాడు. "బుర్రంటే ఓబెద్‌దే!" అన్నాడెవరో. ఈనోక్ వాసాన్ని భుజం మీంచి సగం దించాడు. జోథమ్ నోరు మూసుకుంటే చాలు, గండం గడిచిపోయినట్టే.

కానీ ఆ మాట అతనికి మింగుడు పడలేదు. ఇల్లు వాడిది, చెక్కనేల వాడిది, ఊపిరి పట్టే చెట్లు వాడివి, అమ్మ తేనె వాడిది. ఇప్పుడు ఈ తెలివీ వాడిదేనట, ఈ మంచితనమూ వాడిదేనట. చివరికి తను చేసిన పాపం కూడా తనది కాదట.

"అబద్ధం!" అని అరిచాడు. "వాడేం చెప్పమనలేదు. వాడికేం తెలీదు. నేనే వెళ్ళాను, కుళ్ళుతో వెళ్ళాను. వాడి నేలంటే కడుపుమంట నాకు. వాడి ఇల్లు పెరుగుతుంటే నిద్ర పట్టదు. వాడు ఇస్తానంటే ఇంకా మంట. వాడికి జబ్బు చేసినా మంటే! మంచి భూమి నేనే ఏరుకున్నాను, రాళ్ళు వాడికిచ్చాను, అయినా వాడే బాగున్నాడు. అందుకే చెప్పాను. ఇందులో వాడి తెలివేం లేదు. ఇది నాది!"

చెప్పడం అయిపోయాక ఛాతీలో ఏమీ మిగల్లేదు. మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. ఎక్కించండి అన్నట్టు వాసం వంక చూశాడు.

అప్పుడే గోడకి ఇవతల నుంచి చప్పుడొచ్చింది. ముందు ఒక కిర్రు. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత వరసగా, చెరువు దాకా. అందరూ తిరిగి చూశారు. జోథమ్ ఇరవై మూడు చెట్లు, నాలుగేళ్ళుగా విరుచుకుని నిలబడ్డ ఛాతీలు, ఒక్కొక్కటిగా లోపలికి దిగిపోతున్నాయి. బెరడు మడత మీద మడత పడింది. ఆ మడతల్లోకి కాకికాళ్ళు ఒక్కోటీ ముడుచుకుని పోయాయి. చివరి చెట్టు కొంచెం ఆలస్యం చేసింది గానీ అదీ దిగింది.

ఈనోక్ భుజాన వాసంతోనే గోడ దాటి వెళ్ళి, ఒక మానుని జానతో కొలిచి, వేళ్ళతో బెరడు తడిమి చూశాడు. గుర్తు లేదు. గడ్డం గోక్కున్నాడు.

"పదకొండుకి మించి లేవు," అన్నాడు. "ఇల్లెప్పుడు లేపుతున్నావు?"

జోథమ్‌కి అర్థం కాలేదు. "ఏంటి?"

"మంచు ముదరకముందే కొట్టుకోవాలి. స్తంభాలు ఎత్తే రోజు ముందుగా చెప్పు, కొలిమి ఆర్పుకుని వస్తా." వాసాన్ని గోడ పక్కన గడ్డిలో పడేశాడు. "మళ్ళీ దీన్నెవరు మోస్తారు వెనక్కి? నీ కప్పుకి పనికొస్తుంది, ఉంచుకో."

డీకన్ మంగళవారం తనకి కుదరదన్నాడు. దిండ్లామె అల్లిక సర్దుకుంటూ, బీన్సు కుండ తను తెస్తానంది, ఎంతమంది వస్తారో ముందే చెప్పమంది. చలి మొదలయ్యేసరికి అందరూ వెళ్ళిపోయారు. నాలుగు కొవ్వొత్తులు ఇస్తానని తబిత హిట్టీని లోపలికి పిలుచుకెళ్ళింది.

అన్నదమ్ములిద్దరే మిగిలారు. ఓబెద్ చెట్టు అప్పటికి నింపాదిగా ఊపిరి వదిలి మళ్ళీ తన లావుకి వచ్చేసింది. దాని కింద రాలిన సూదుల మీద ఇద్దరూ కూర్చున్నారు. జోథమ్ అడిగాడు.

"నేనే చెప్పానని ఆ దొర అరిచేదాకా నీకు తెలీదు కదా?"

ఓబెద్ నేల మీది సూది ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "పొద్దున ఆయన కుర్చీ వేసుకున్నప్పుడే తెలుసు."

"ఎలా?"

"ఊపిరి ఎంతసేపు ఆగుతుందో ఈ లోకంలో ఇంకెవరికి తెలుసన్నయ్యా? మూడు రాత్రులు లెక్కపెట్టింది నువ్వే."

తెలిసే పిలిచాడన్నమాట. తెలిసే వీపు ఆనించి నిలబడమన్నాడు. జోథమ్ తమ్ముడి మొహంలోకి చూశాడు. అంత జరిగాక కూడా కడుపులో పాత మంట మళ్ళీ భగ్గున లేచింది. ఇంత మంచితనం వీడికెలా వచ్చింది, తనకెందుకు రాలేదు? కానీ ఈసారి ఆ మంటతో లేచి ఇంటికి పోబుద్ధి కాలేదు. రెండు చేతుల్తో మొహం కప్పుకుని, సిగ్గు విడిచి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపుకి ఊపిరి అందక ఎగపోస్తుంటే ఓబెద్ జరిగి వచ్చి, అన్న వీపుకి తన వీపు ఆనించి కూర్చున్నాడు.

"మెడతో," అన్నాడు. "కొంచెం కొంచెం."